రాళ్లచెలకలో రెండు గుడ్లు

బావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అడవి అంచున ఉన్న మన రాళ్లచెలకను పామాయిల్ తోటకు దున్నించాలని నీ తమ్ముడు నిన్న పొద్దున ట్రాక్టర్ తెచ్చాడు. మసక చీకట్లో టక్ టక్‌మని కూసే నీ చిన్న పిట్ట నేలమీదే గుడ్లు పెడుతుందని, దమ్మపేట దాకా చెలకలన్నీ తోటలయ్యాక దానికి మిగిలిన చోటు ఇదేనని అనేవాడివి. చెప్పులైనా వేసుకోకుండా ట్రాక్టర్ కంటే ముందు పరుగెత్తాను.

దానిది ఎండుటాకు రంగే కదా, నా కాలి కిందే నలుగుతుందేమోనని ఒక్కో అడుగూ భయంగా వేశాను. పాదానికి జానెడు దూరంలో పిట్ట లేచి ఎగిరిపోయింది. రెండు గుడ్లు కనిపించాయి.

"ఏంది ఒదినా, పిట్ట కోసం పని ఆపాల్నా?" అన్నాడు నీ తమ్ముడు.

"పిల్లలు ఎగిరేదాకా ఆగు. మీ అన్న ఉంటే గట్లనే అనేటోడు."

అతను దగ్గరికొచ్చి వంగి గుడ్లను చూశాడు. "అవ్, ఆగుత" అని ట్రాక్టర్‌ను వెనక్కి పంపాడు.

అప్పటినుంచీ నాకు స్థిమితం లేదు. నేను బెదరగొట్టిన తల్లి మళ్లీ గుడ్ల దగ్గరికి వస్తుందో రాదో. ఈ పొద్దున వెళ్లి దూరం నుంచే చూశాను. ఎంత వెతికినా అక్కడ ఎండుటాకులే ఉన్నాయి. కదలకుండా నిలబడ్డాను.

చాలాసేపటికి, ఆ ఆకుల్లో ఒకటి రెప్ప వేసింది.