తమ్ముడికి పంపిన కారు

పర్వత్ పాటియా, సూరత్
సోమవారం

శుభ్ సవారీ కార్ల కంపెనీ మేనేజరు గారికి సదానందం నమస్కరించి రాయునది,

నాకు హిందీ బాగానే వచ్చు. కానీ ముఖ్యమైన సంగతి ఫోన్లో చెప్పబోతే నాలుక తిరగదు. అందుకే కాగితం మీద రాసి, ఫొటో తీసి మీ నంబరుకు పంపుతున్నాను. మీ ఆఫీసులో తెలుగు చదివే అమ్మాయి ఉందని విన్నాను.

మా తమ్ముడు కమలాకర్, మరదలు సుభాషిణి గురువారం సాయంత్రం హైదరాబాద్ నుంచి విమానంలో వస్తున్నారు. తమ్ముడికి జగిత్యాలలో పెద్ద వ్యాపారం. వాళ్ళ అమ్మాయి నవత పెళ్ళి కుదిరింది. ఇంటికి పెద్దవాణ్ణి కాబట్టి మొదట మమ్మల్నే బొట్టు పెట్టి పిలవాలని అంత దూరం నుంచి బయలుదేరుతున్నాడు. ఫోన్లో ఆ మాట చెప్పగానే, "విమానం ఎప్పుడు దిగుతదో చెప్పు తమ్మీ, గేటు కాడ కారుంటది" అన్నాను. కాసేపు వాడి నోట మాట రాలేదు. సంతోషం అలాంటిది.

కాబట్టి విమానాశ్రయం నుంచి వేసు ఏరియాలో ఉన్న హోటల్‌కు ఒక ఏసీ కారు కావాలి. మళ్ళీ శుక్రవారం తెల్లవారకముందు హోటల్ నుంచి విమానాశ్రయానికి అదే కారు రావాలి. డ్రైవరు తెల్ల చొక్కా వేసుకోవాలి. తమ్ముడి పేరున్న బోర్డు పట్టుకుని నిలబడాలి. ఆ బోర్డు తెలుగులో నేనే రాయించి పంపుతాను. నాకు ఆ రోజు ముఖ్యమైన మీటింగు ఉండి విమానాశ్రయానికి రాలేకపోతున్నాను. ఇంటికి రంగులు వేయిస్తున్నాం కాబట్టే హోటల్, లేకపోతే మా ఫ్లాటులోనే దింపుకునేవాళ్ళం. దారిలో వాళ్ళు పర్వత్ పాటియా ఎటువైపని అడిగితే డ్రైవరు తనకు తెలియదనాలి.

ఇట్లు,
సదానందం, టెక్స్‌టైల్ లైను

తా.క. రంగులూ లేవు, మీటింగూ లేదు. సెలవు దొరకలేదు. నేను మగ్గాలు నడుపుతాను. మాది మగ్గాల షెడ్డు మీద ఒకటే గది, అందులో సగం నా భార్య రాజమ్మ రాళ్ళు అతికించే చీరల మూటలే. ఫ్లాటుకు లిఫ్టు కూడా ఉందని తమ్ముడికి చెప్పి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు ఎలా దిగాలో తెలియడం లేదు.

---

శుభ్ సవారీ ఆఫీసు
మంగళవారం

సదానందం గారికి నమస్తే.

మీ ఉత్తరాన్ని మా సేఠ్ గారు అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసి నా టేబుల్ మీద పెట్టారు. నేను పుట్టింది ఇక్కడే. తెలుగు రాయడం మా అమ్మ నేర్పింది. తప్పులుంటే ఏమనుకోకండి.

మీ బుకింగ్ ఖాయం చేశాం. డ్రైవరు పేరు హస్ముఖ్ భాయి. తెల్ల చొక్కా ఉంది, ఉతికించుకుంటానన్నాడు. బోర్డు మీద పై భాగం ఏదో గుర్తు పెట్టి పంపండి, ఆయనకు తెలుగు రాదు. విమానం నంబరు కూడా కావాలి. ఆలస్యమైతే ముందే తెలుస్తుంది.

శుక్రవారం తెల్లవారుజామున కారు హోటల్ ముందుంటుంది. ఒక్క రాత్రికే అంత దూరం నుంచి వచ్చి వెళ్తున్నారంటే మీ తమ్ముడు గారు తీరిక లేని మనిషై ఉంటారు.

మర్యాదలతో,
హారతి, బుకింగ్ విభాగం

తా.క. పర్వత్ పాటియా ఎటో తెలియదనే డ్రైవరు సూరత్‌లో దొరకడు. హస్ముఖ్ భాయి ఉండేదే అక్కడ. అయినా తెలియదని చెప్పడానికి ఒప్పుకున్నాడు. అబద్ధానికి వేరే చార్జీ లేదు.

---

పర్వత్ పాటియా
శుక్రవారం పొద్దున

హారతి గారికి సదానందం నమస్కారాలు.

కారు చల్లగా ఉందని తమ్ముడు మెచ్చుకున్నాడు. అంతవరకు బాగుంది. డ్రైవరు సంగతే బాగాలేదు. రాత్రి బోర్డు తిరిగివ్వడానికి వచ్చి, తను లోపలి నుంచి వచ్చేవాళ్ళను చూస్తూ నిలబడితే మావాళ్ళు వెనక నుంచి వచ్చి భుజం తట్టారన్నాడు. రోడ్డు వైపు నుంచి వచ్చారట, ఆటో దిగారట. విమానంలో వచ్చిన మనుషులు ఆటో ఎందుకు దిగుతారండీ? వాడు తాగైనా ఉండాలి, నిద్రలోనైనా ఉండాలి. మీ సేఠ్‌కు చెప్పి గట్టిగా మందలించండి. విమానం నంబరు అడిగితే తమ్ముడు, "పెద్ద విమానమే అన్నా, నంబరు సూడలేదు" అన్నాడు. అంత పెద్ద మనిషి నంబర్లు చూస్తూ కూర్చుంటాడా?

నా బాధ ఇంకొకటుంది. నిన్న డ్యూటీ దిగి, స్నానం చేసి, రాజమ్మను తీసుకుని హోటల్‌కు వెళ్ళాను. మరదలు కుంకుమ భరిణె తీసింది. రాజమ్మ వెనక్కి జరిగి, "గడప లేని కాడ బొట్టేంది చెల్లె? నా ఇంటికొచ్చి పెట్టు" అంది. మరదలు నా వైపు చూసింది. నేను ఏసీ వైపు చూశాను. రంగు ఇంకా ఆరలేదన్నాను. మరదలు భరిణె మూత పెట్టేసింది.

బొట్టు పెట్టించుకోకుండా రాజమ్మ ఏ పెళ్ళికీ రాదు. మేం లేకుండా నా తమ్ముడి బిడ్డ పెళ్ళి జరిగితే ఊళ్ళో తలెత్తుకోలేను. ఇంటికి పిలిస్తే తమ్ముడి ముందు తలెత్తుకోలేను. ఈ ఒక్క రోజే మిగిలింది.

ఇట్లు,
సదానందం

తా.క. రాత్రి ఇంటికొచ్చాక రాజమ్మ రంగు డబ్బా తెమ్మంది, వేస్తే సగం అబద్ధమన్నా తగ్గుతుందని. ఒక గోడకు వేశాను. ఇప్పుడు మిగతా మూడు గోడలు మునుపటికన్నా పాతగా కనిపిస్తున్నాయి.

---

శుభ్ సవారీ ఆఫీసు
శుక్రవారం మధ్యాహ్నం

సదానందం గారికి నమస్తే.

మీ ఫిర్యాదు సేఠ్ గారికి చదివి వినిపించాను. ఆయనకు ఫిర్యాదంటే మహా భయం. విచారణ అయ్యేదాకా హస్ముఖ్ భాయికి తాళాలు ఇవ్వనన్నారు. హస్ముఖ్ భాయి తాగడు. షుగరు వల్ల చాయ్ కూడా చప్పగానే తాగుతాడు. ఆటో దిగడం కళ్ళారా చూశానని మాతాజీ మీద ఒట్టేసి చెబుతున్నాడు. ఇంకొకసారి ఆలోచించి రాయండి.

బొట్టు విషయం నాకు సంబంధం లేనిది. అయినా మీరు రాశారు కాబట్టి అంటున్నాను, ఇంటికే తీసుకువెళ్ళండి కాకా. మేమూ నలుగురం ఒకే గదిలో పెరిగాం. వచ్చిన చుట్టాలు గోడలు చూసి వెళ్ళిపోయినట్టు నాకు గుర్తు లేదు.

మర్యాదలతో,
హారతి

తా.క. ఈ తెల్లవారుజామున కారు హోటల్ ముందు చాలాసేపు నిలబడి తిరిగి వచ్చింది. మీవాళ్ళు నిద్రపోతున్నారని హోటల్‌వాళ్ళు చెప్పారట. ప్రయాణం వాయిదా పడిందనుకుని బుకింగ్ మూసేశాం. మళ్ళీ ఎప్పుడు కావాలో రాయండి.

---

పర్వత్ పాటియా
శనివారం

శుభ్ సవారీ వారికి,

నమస్కారం రాయబుద్ధి కావడం లేదు. అయినా పద్ధతి కాబట్టి నమస్కారం.

ఈ తెల్లవారుజామున మీ కారు రాలేదు. తమ్ముడూ మరదలూ హోటల్ ముందు సామానుతో నిలబడ్డారు. సాగనంపడానికి వెళ్ళిన నేను వాళ్ళ మొహం చూడలేకపోయాను. చివరికి మా గల్లీలో టెంపో నడిపే మా ఊరి నర్సింగానికి ఫోన్ చేశాను. వాడు రింగ్ రోడ్ మార్కెట్‌లో వేయాల్సిన బట్టల మూటలతో సహా వచ్చేశాడు. మరదలు ముందు కూర్చుంది. నేనూ తమ్ముడూ వెనక మూటల మీద కూర్చున్నాం. ఇస్త్రీ చొక్కా నిండా దారప్పోగులు అంటుకున్నాయి. దారి పొడుగునా నేను మీ డ్రైవరును తిడుతూనే ఉన్నాను, వాడి ఉద్యోగం ఊడగొట్టిస్తానన్నాను. తమ్ముడు తలవంచుకుని విన్నాడు.

విమానాశ్రయం దగ్గర దిగాక లోపలికి వెళ్ళమన్నాను. ముందు నువ్వు వెళ్ళు అన్నాడు. పంపడానికి వచ్చినవాడు ముందు ఎలా తిరుగుతాడు? నిలబడ్డాను. తమ్ముడు గేటు దాకా వెళ్ళి, పోలీసుతో ఏదో మాట్లాడి, తిరిగొచ్చి స్తంభం పక్కన వంగి బూట్ల లేసులు కట్టుకోసాగాడు. వేసుకున్నవి చెప్పులు. ఎంతసేపటికీ లోపలికి పోడు, మాటిమాటికీ గడియారం చూసుకుంటాడు. చివరికి, "దండం పెడత అన్నా, నువ్వు పో" అన్నాడు. కళ్ళలో నీళ్ళు. టెంపో పక్కన నాతో కలిసి కనబడటానికి సిగ్గుపడుతున్నాడని అప్పుడు అర్థమైంది. వచ్చేశాను.

బొట్టు పెట్టలేదు, పెళ్ళికి రమ్మని నోటితో కూడా అనలేదు. ఎత్తుకుని పెంచిన తమ్ముడు నన్ను చూసి సిగ్గుపడ్డాడు. ఇదంతా మీ కారు వల్లే జరిగింది. ఆ హస్ముఖ్ భాయిని మళ్ళీ స్టీరింగు ముట్టుకోనివ్వకండి.

సదానందం

తా.క. కోపం కాస్త దిగాక మీ నిన్నటి ఉత్తరం చివర తా.క. చూశాను. అసలు సంగతి ఎవరైనా తా.క.లో రాస్తారా? శుక్రవారం తెల్లవారకముందు అంటే శుక్రవారం రాత్‌పాలీ, అదే రాత్రి షిఫ్టు, దిగకముందు. రాత్రి డ్యూటీవాళ్ళు ఇంటికి పోయేదాకా వారం మారదు. సూరత్‌లో మగ్గం ముందు నిలబడ్డ ఎవరినైనా అడగండి.

---

శుభ్ సవారీ ఆఫీసు
శనివారం సాయంత్రం

సదానందం కాకాకు హారతి నమస్కారం.

మా ఆఫీసులో పాలీలు లేవు. రాత్రి పన్నెండు దాటితే వారం మారిపోతుంది. వారం సంగతి ముందే గట్టిగా అడగకపోవడం నా తప్పు. అది నా మీద వేసుకుంటాను.

రెండో సంగతి మీకు చెప్పనని మాటిచ్చాను. అయినా చెబుతున్నాను. మధ్యాహ్నం మీ తమ్ముడు గారు, కారులో ఉన్న కార్డు మీది నంబరు చూసి మాకు ఫోన్ చేశారు. రైల్వే స్టేషన్ నుంచి చేశారు. ఆయన అన్న మాటలే రాస్తున్నాను:

"ఆ డ్రైవర్ తప్పేం లేదమ్మా. మేం రైల్ల వచ్చినం. నాది కిరాయి మడిగెల జిరాక్సు దుకాణం. అన్న విమానం అన్నడు. కాదని చెప్పనీకి నాకు సిగ్గయింది."

వాళ్ళు గురువారం పొద్దున సూరత్ స్టేషన్‌లో దిగారు. సాయంత్రం ఆటోలో విమానాశ్రయానికి వెళ్ళి, హస్ముఖ్ భాయి వెనక నుంచి వచ్చి భుజం తట్టారు. ఈ రోజు గేటు దగ్గర పోలీసు టికెట్ అడిగాడు. ఉన్నది రైలు టికెట్. మీరు కదిలితే స్టేషన్‌కు వెళ్దామని చూశారు. మీరు కదల్లేదు. వాళ్ళ రైలు వెళ్ళిపోయింది. నాతో మాట్లాడేటప్పటికి ప్లాట్‌ఫారం మీద ఇంకో రైలు కోసం కూర్చుని ఉన్నారు.

డ్రైవరు ఉద్యోగం పోతుందని భయపడి నాకు నిజం చెప్పారు, అన్నకు మాత్రం తెలియనివ్వద్దని బతిమాలారు. కానీ మీరు ఫిర్యాదు వెనక్కి తీసుకోనిదే సేఠ్ తాళాలు ఇవ్వనంటున్నారు. మాట తప్పినందుకు నాకూ సిగ్గుగానే ఉంది.

మీ,
హారతి

తా.క. కారు చల్లగా ఉందని మీ తమ్ముడు మెచ్చుకున్నది నిజమే. ఏసీ ఎలా తగ్గించాలో అడగడానికి మొహమాటపడి మీ మరదలు గారు హోటల్ దాకా వణుకుతూ వచ్చారట.

---

పర్వత్ పాటియా
బుధవారం

హారతి బిడ్డకు సదానందం ఆశీస్సులు.

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను. ఇది మీ సేఠ్‌కు చదివి వినిపించు. నీ ఉత్తరం చదివిన సాయంత్రమే హస్ముఖ్ భాయి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళి చేతులు పట్టుకున్నాను. ఆయన చప్పటి చాయ్ పోయించాడు. దానికి సరిపోయే పని చేశాను కాబట్టి మారు మాట్లాడకుండా తాగాను.

బిడ్డా, స్టేషన్ నుంచి మా గదికి షేర్ ఆటోలో వచ్చేయొచ్చు. నా తమ్ముడు ఆ దగ్గరి దారి వదిలి, ఊరికి ఆ చివర ఉన్న విమానాశ్రయానికి వెళ్ళాడు, నేను పంపిన కారు ఎక్కడం కోసం. నేనేమో వాణ్ణి గేటు ముందు నిలబెట్టి, రైలు తప్పించి, వాడు నన్ను చూసి సిగ్గుపడ్డాడని నీకు రాశాను. రెండు రోజులు అన్నం సయించలేదు.

నిన్న ఫోన్ చేశాను. రైలు సంగతి తెలిసినట్టు చెప్పలేదు. "ఎయిర్‌పోర్ట్ కార్లు బందయినయి తమ్మీ, పెళ్ళిళ్ళకు హోటళ్ళు కూడ నిండినయి. జర తిప్పలైనా రైల్ల రాండ్రి, మా గదిలనే పండుకుందురు. మీ వదినె బొట్టుకు ఎదురు సూస్తుంది" అన్నాను. గది అన్నాను, ఫ్లాటు అనలేదు. ఆ ఒక్క మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. ఈసారి దాన్ని సంతోషం అనుకోలేదు. తర్వాత మెల్లగా అన్నాడు:

"అన్నా, వదినెను నీళ్ళ బిందె మోసుకుంట గా మెట్లెక్కనియ్యకు. మోకాళ్ళు పోతయి."

నువ్వెప్పుడు చూశావురా అన్నాను. గురువారం పొద్దున రైలు దిగగానే, నర్సింగాన్ని ఫోన్లో గుర్తులు అడిగి, ఇద్దరూ మా గల్లీకే వచ్చారట. షెడ్డు చూశారు, గది చూశారు, రాజమ్మను చూశారు. మరదలు పిలవబోతే తమ్ముడు ఆపాడట. "నువ్వు సిగ్గుపడతవని ఆటో మర్లేసినం అన్నా" అన్నాడు. సాయంత్రం దాకా ఎక్కడెక్కడో తిరిగి, విమానం దిగే వేళకు గేటు దగ్గరికి వెళ్ళారు. హోటల్‌లో నేను రంగు ఆరలేదంటుంటే అన్నీ తెలిసే తలూపాడు.

నాకు ఏడుపొచ్చింది. వాడు విన్నాడు. విననట్టు, అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాడు.

ఆదివారం వస్తున్నారు. రాజమ్మ గడపకు పసుపు రాసి పెట్టింది.

ఇట్లు,
సదానందం, మగ్గాల షెడ్డు పై గది

తా.క. స్టేషన్‌కు ఈసారి నేనే వెళ్తాను. అయితే తమ్ముడు రైల్లో వస్తున్నాడంటే మా మగ్గాల సేఠ్ సెలవివ్వడని, విమానంలో వస్తున్నాడని చెప్పాను. ఆయన మురిసిపోయి, ఆదివారం విమానాశ్రయానికి తన సొంత కారు పంపుతానన్నాడు. ఏం చేయాలో వెంటనే రాయి బిడ్డా.