చేతికి తొడిగిన దారం

మంగళవారం, రాత్రి

ఫ్యాక్టరీలో నా పక్కన పనిచేసే నాగమ్మ ఈరోజు బస్సులో నాతో ఒక్క మాటా మాట్లాడకుండానే మూకండపల్లిలో దిగిపోయింది.

పోయిన వారం మా లైన్లో అందరికీ కొత్త గ్లౌజులిచ్చారు. వాటిలో జెల్లీలా మెత్తగా సాగే దారం కుట్టి ఉంది. మణికట్టు వంగినప్పుడల్లా అందులో కరెంటు మారుతుందట, అది కంప్యూటర్లో కనబడుతుందట. మా చేతుల మంచికేనన్నాడు సూపర్‌వైజర్. నేను అప్పుడే నమ్మలేదు.

నాగమ్మకు మణికట్టు నొప్పి ఉందని నాకొక్కదానికే తెలుసు. ఈరోజు సూపర్‌వైజర్ నేరుగా ఆమె దగ్గరికి వచ్చి, "కుడి చెయ్యి నొస్తా ఉంది కదమ్మా? రేపట్నుంచి ప్యాకింగ్‌కి పో" అన్నాడు. ప్యాకింగ్‌కు పంపినవాళ్లు ఎక్కువ కాలం పనిలో ఉండరు.

గేటు దగ్గర నాగమ్మ నన్ను నిలదీసింది.

"నువ్వే చెప్పినావా?"

"లేదమ్మా, నేను చెప్పలేదు. ఆ గ్లౌజు..."

"గ్లౌజుకు నోరుందా? నా చెయ్యే పోయి ఆడ చెప్పిందా?"

అవును, అదే చెప్పింది అనబోయాను. నా మాట నాకే అబద్ధంలా తోచింది.

ఇందాక సంగటి కెలుకుతుంటే నా మణికట్టు కూడా సన్నగా నొచ్చింది. నాకు ఈరోజే తెలిసింది. ఆ గ్లౌజుకు ఎప్పటినుంచి తెలుసో...