ప్రైమర్ ఆరేదాకా

కోబార్, మార్చి 3

చెల్లి థెల్మాకు మెర్విన్ అన్నయ్య దీవించి రాస్తున్నది.

ఫోనులో అయితే మధ్యలో పెట్టేస్తావు కనక ఉత్తరం రాస్తున్నాను. మనం కట్టుకుంటున్న విమానానికి రెక్కలు నీ వంతు, మిగతా ఒళ్లంతా నా వంతు అనుకున్నాం కదా. రేకుల లోపలివైపు తుప్పు పట్టకుండా ప్రైమర్ పూద్దామంటున్నావు. ఎందుకు? ఇక్కడ వాన పడితే పేపర్లో వేస్తారు. విమానం ఉండేది నా షెడ్డులోనే. రాన్ బావ పోయిన దగ్గర్నుంచీ నిన్నూ ఇక్కడికే వచ్చెయ్యమని మొత్తుకుంటున్నాను. పైగా ప్రైమర్ పూస్తే నాలుగు కిలోల బరువు పెరుగుతుంది. అసలే నువ్వు కూడా ఎక్కాలి.

అన్నయ్య

తా.క. ఫ్రూట్ కేకు అందింది. సుత్తి కనపడని రోజున పనికొచ్చింది.

సెడ్యూనా, మార్చి 12

అన్నయ్యకు, లావుపాటి చెల్లెలి నమస్కారాలు.

ఇక్కడి ఉప్పుగాలికి నా టోస్టరే రెండేళ్లు ఆగదు, విమానం ఆగుతుందా? అది ఉండేది ఇక్కడే. రాన్ తన చేతులతో కట్టిన షెడ్డు వదిలి నేను ఎక్కడికీ రాను. నువ్వే రా. రేకులు కలిపి రివెట్లు కొట్టేశాక లోపలికి బ్రష్షు దూరదు కాబట్టి ఇప్పుడే తేల్చు.

థెల్మా

తా.క. ఇక కేకులు పంపను. సుత్తి కొనుక్కో.

కోబార్, ఏప్రిల్ 2

అలిగిన చెల్లికి,

నిన్ను లావన్నది ఎవరు? నాకు డెబ్బై మూడు. ప్రైమర్ పూసిన రేకు యాభై ఏళ్లుంటుంది, నేనుంటానా? నాకు కావలసింది ఈ రెండు మూడేళ్లే.

అన్నయ్య

తా.క. డాక్టరు దగ్గరికి వెళ్తున్నాను. జవాబు ఆలస్యమైతే కంగారు పడకు.

సెడ్యూనా, ఏప్రిల్ 10

అన్నయ్యా,

నా దగ్గర దాస్తావా? రెండు మూడేళ్లే అన్నావు. డాక్టరన్నావు. మా పాస్టరు గారి మరదలు మీ ఊళ్లోనే నర్సు. ఆవిడను నీ దగ్గరికి పంపుతున్నాను. ఆవిడతో గొడవ పెట్టుకోకు.

నీ థెల్మా

తా.క. కేకు కూడా పంపుతున్నాను. మెత్తగా చేశాను.

కోబార్, ఏప్రిల్ 20

మహాతల్లికి,

నీ నర్సు వచ్చింది. బీపీ చూసింది, నా బీరు తీసి దాచింది. నేను వెళ్లింది కళ్లజోడు మార్చుకోడానికి! నా ఒంట్లో ఏ జబ్బూ లేదు. రెక్కల సంగతి ఇక నీ ఇష్టం.

అన్నయ్య

తా.క. నర్సుకి నీ పాత కేకు పెట్టాను. మళ్లీ రాలేదు.

సెడ్యూనా, ఏప్రిల్ 28

అన్నయ్యకు,

నీ ఉత్తరం ఆలస్యంగా అందింది. అప్పటికే ప్రైమర్ లేకుండా రెక్కలకు రివెట్లు కొట్టేశాను. నువ్వు ఉండగానే నిన్ను ఎగరనివ్వాలని తొందరపడ్డాను. ఈ రెక్కలు సముద్రం పక్కన బతకవు. అవి నీ దగ్గరికే రావాలి, వాటితోపాటు నేనూ వస్తాను. రాన్ షెడ్డు ఎవరికైనా ఇచ్చేస్తాను. నిన్న అందులో కూర్చుని కాసేపు ఏడ్చాను, ఇప్పుడు బాగానే ఉన్నాను.

థెల్మా

తా.క. నా గది కిటికీ తూర్పు వైపు ఉండాలి.

కోబార్, మే 5

చెల్లికి,

ఆగు. ఆ షెడ్డు ఎవరికీ ఇవ్వకు.

నర్సు వెళ్లాక కూర్చుని ఆలోచించాను. నాకేదో అయిందనుకుని నువ్వు అంత బెంగపడితే, ఇంత దూరంలో ఒక్కణ్ణీ ఏం చేస్తున్నట్టు? నువ్వు లేకపోతే నాకు తోచదు, ఈ మాట ముందే చెప్పాల్సింది. నీ ఉత్తరం అందేలోపే విమానం ఒళ్లంతా లోపల ప్రైమర్ పూసేశాను, అదీ రెండు పూతలు, సముద్రానికి తట్టుకునేలా. నా షెడ్డు పక్కింటివాళ్ల గొర్రెలకు ఇచ్చేశాను, అప్పుడే దూరాయి కూడా. కాబట్టి నేనే వస్తున్నాను. నీ రెక్కల రివెట్లన్నీ ఊడదీసి, లోపల ప్రైమర్ పూసి, మళ్లీ బిగిద్దాం. తొందరేం లేదు.

నీ అన్నయ్య

తా.క. ప్రైమర్ ఆరేదాకా నీ దగ్గర ఉండి వస్తానని ఊళ్లో అందరికీ చెప్పాను. అది గంటలో ఆరుతుందని ఎవరితోనూ అనకు.