ముద్ర చెరగని రాశి

గుంటూరు, 1967

నాయనా,

బాగున్నావా అని అడగలేను కదా... నువ్వు పోయి ఎనిమిది నెలలైంది. మనూళ్ళో జొన్న కోతలు అయిపోయి కళ్ళాలు మొదలయ్యాయి. ఈ ఏడాది రాశులకు ముద్ర వేసింది నువ్వు కాదు.

ఇన్నాళ్ళూ ఎందుకు రాయలేదంటే, నీకు చెప్పాల్సిన మొదటి మాటే కాగితం మీద పెట్టలేకపోయాను. ఇప్పుడు చెప్తాను. నిన్ను కోయడానికి సంతకం పెట్టింది నేనే.

గుంటూరు ఆసుపత్రిలో నువ్వు పోయిన ఉదయం డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచారు. నీ కాలేయంలో కాన్సరు ఎలా పుట్టిందో, ఎటు పాకిందో తెరిచి చూస్తేనే తెలుస్తుందన్నారు. ఆ ఆసుపత్రి కింది ల్యాబులో స్లైడులు తయారు చేసేది నేనే కదా, ఆయన మాట నాకు అర్థమైంది. అమ్మ మాత్రం వరండాలో నీ దుప్పటి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఒక్కటే అన్నది. "సమాధుల్లోంచి అందరూ లేచే రోజున మీ నాయన కడుపులో ఏం లేకుండా లేస్తాడే?"

దానికి జవాబు బి.ఎస్సీ.లో చెప్పలేదు. అమ్మ వద్దన్నా సంతకం పెట్టాను... నీ మాట ఒకటి పట్టుకుని. అంతకు వారం ముందు, లోపల ఏముందో కనిపిస్తే బాగుండునని నేను గొణుగుతుంటే నవ్వావు గుర్తుందా? "పోయినాక చూసుకోండి అమ్మాయ్, అప్పుడు నేనేమన్నా అడ్డమొస్తానా?" అన్నావు.

అది అనుమతేనా నాయనా? నన్ను నవ్వించడానికి అన్నావా?

మట్టి వేసేటప్పుడు అమ్మ గోతికి అవతలి పక్కన నిలబడింది. ఆ రోజు నుంచి నాతో మాట లేదు.

నీ కాలేయపు ముక్కలను నేనే పల్చగా కోశాను, నేనే రంగు వేశాను. వేరే వాళ్ళకివ్వమని డాక్టరు గారన్నారు, నేనివ్వలేదు. సూక్ష్మదర్శిని మీద వంగినప్పుడు మాత్రం కాసేపు ఏమీ కనిపించలేదు...

రంగు వేశాక నేరేడు పండులా కనిపించే చిన్న చిన్న గుండ్రటి కణాలుంటాయి, తెల్లరక్తకణాల్లో ఒక రకం. మేం చదువుకునేటప్పుడు వాటి పనేంటో ఎవరికీ సరిగ్గా తెలియదనేవారు. ఇప్పుడు అవే ఒంటికి కాపలా అంటున్నారు. ఒకరి చర్మం ఇంకొకరికి అతికిస్తే ఒళ్ళు ఒప్పుకోదే, ఆ "మనది కాదు" అని పట్టుకునేది అవేనట. సొంత కణం దారి తప్పినా పట్టుకుంటాయేమోనని కొందరు పెద్దల ఊహ. ఇంకా రుజువు కాలేదు. ఆ మాట వినగానే నాకు నువ్వు గుర్తొచ్చావు, నీ కర్ర ముద్ర గుర్తొచ్చింది.

కామందు కళ్ళానికి కాపలా కాస్తూ, తూర్పారబోసిన జొన్న రాశి చుట్టూ ముద్రను బూడిదలో అద్ది వరసగా వేసేవాడివి. ఎవరు దోసెడు తీసినా ముద్ర చెదిరి దొరికిపోయేవారు. ఒక ఏడు మాత్రం ముద్రలన్నీ చక్కగా ఉన్నాయి, రాశి తగ్గింది. కుక్క మొరగలేదు. కామందు నీ మీద కేకలేస్తుంటే నువ్వు రాశి చుట్టూ ఒంగి ఒంగి నడిచి, లేచి, ఆయన బావమరిది ముఖంలోకి చూశావు. నువ్వు వాడేది మిరపకట్టె బూడిద, నల్లగా ఉంటుంది. ఒక పక్క ముద్రలు పిడకల బూడిదతో తెల్లగా ఉన్నాయి. దొంగ ఇంటివాడే, తీసినాక మళ్ళీ వేసిన ముద్ర కూడా కామందు ఇంటిదే. ఇంటికొచ్చి అన్నం తింటూ అన్నావు, "ముద్ర ఎవుడైనా ఏస్తాడమ్మాయ్, బూడిద చూడు."

నీ కాలేయంలో నేను చూసింది అదే కథ.

ఎప్పుడో నాకు పదేళ్ళప్పుడు నీకు కామెర్లు వచ్చాయి. మాచర్ల వెళ్ళి పసరు తాగొచ్చి, కళ్ళలో పచ్చ పోగానే "ఇంకేంది, పోయింది" అన్నావు. పోలేదు నాయనా. కాపలా కణాలు ఏళ్ళ తరబడి అక్కడ కొట్లాడుతూనే ఉన్నాయనుకుంటాను. ఆ తొక్కిసలాటకు కాలేయమంతా మచ్చలు కట్టి, గడ్డలు గడ్డలుగా అయింది. కాపలా వాళ్ళ కొట్లాటకే కళ్ళం నేల పాడైతే ఎవరిని అనాలి? అలాంటి నేలలోనే కాన్సరు మొలిచింది.

ఆ కాన్సరు గడ్డ అంచున నేరేడు కణాలు గుంపుగా నిలబడ్డాయి. లోపల మాత్రం అక్కడొకటి, ఇక్కడొకటి. గట్టు దాకా వచ్చి ఎందుకు ఆగాయి? ముద్ర చూసి మనవాడే అనుకున్నాయా? అలసిపోయాయా? ఎవరైనా ఆపారా?

అది నీ ఊపిరితిత్తులకు కూడా విత్తనాలు చల్లింది. అన్నీ పెరిగాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కదాన్ని కాపలా కణాలు చుట్టుముట్టాయి, మధ్యలో అది చచ్చిపోయి ఉంది. ఆ స్లైడు ఎన్నిసార్లు చూశానో...

ఇదంతా కళ్ళం మాటల్లో పెట్టి అమ్మకు ఉత్తరం రాశాను. అమ్మకు చదువు రాదు కదా, పాస్టరు గారి భార్య చదివి వినిపించారు. రెండుసార్లు చదివించుకుందట.

పోయిన శనివారం ఇంటికి వెళ్ళాను. అమ్మ చేటలో జొన్నలు చెరుగుతోంది. నేను పక్కన కూర్చున్నాను. చేట మీద నుంచి కళ్ళెత్తకుండానే అడిగింది.

"ఏమే, ఆ కాపలావాళ్ళు పోట్లాడారా?"

"పోట్లాడారమ్మా."

"గెలిచింది ఎన్నిచోట్ల?"

"నేను చూసినంతలో ఒక్కచోట."

"ఒక్కచోటేనా. మీ నాయన కాసిన కళ్ళాల్లో దొరక్కుండా ఒక్క దొంగంటే ఒక్క దొంగ పోలా." ఇంకాసేపు చెరిగింది. "ఆ ఒక్కచోట ఎట్టా గెలిచారో కనుక్కున్నావా మరి?"

లేదన్నాను. అమ్మ చేట పక్కన పెట్టి ఎనిమిది నెలల తరువాత నా ముఖంలోకి చూసింది.

"అది కూడా కనుక్కోకుండా ఆయన్ని ఎందుకు కోయించావే?"

నాయనా, నన్ను ఇంత సూటిగా ఏ ఆచార్యుడూ అడగలేదు.

సోమవారం గుంటూరు రాగానే డాక్టరు గారి దగ్గరికెళ్ళాను. బీరువాలో ఉన్న పాత కాలేయపు స్లైడులన్నీ చూస్తానన్నాను. "అది నీ పని కాదమ్మా" అన్నారు. నాయనా, నీ ఊపిరితిత్తిలో కాపలా కణాలు గెలిచిన చోటి స్లైడు ఆయన ముందు పెట్టాను. చానాసేపు చూశారు. నా పని అయ్యాక, మధ్యాహ్నం భోజనం వేళలో చూసుకోమన్నారు. అన్నం డబ్బా బీరువా పక్కనే పెట్టుకున్నాను.

ఏళ్ళు పట్టొచ్చు. నా వల్ల కాకనూ పోవచ్చు, అప్పుడు ఇంకొకరు నేను ఆపిన చోటు నుంచి చూస్తారు. ప్రతి ముక్క అంచునా చూస్తాను, ప్రతి ముద్రా చూస్తాను. ముద్ర బాగుందని ముందుకు పోను, బూడిద చూస్తాను.

బస్సు దాకా సాగనంపుతూ అమ్మ ఇంకో మాట అన్నది. నీకూ తెలియాలి. "లేచే రోజున ఆయన అడిగితే నేనే చెప్తాలే, నీ కూతురే దాచిపెట్టిందని. నువ్వు అవి జాగ్రత్తగా ఉంచు."

ఉంచాను నాయనా. నీ ముక్కలు, స్లైడులు ఉన్న పెట్టె మీద నీ పేరు రాసి, పక్కన నీ కర్ర ముద్ర అద్దాను. మిరపకట్టె బూడిదతోనే.

నీ అమ్మాయి,
సువార్త