ఆ పొడుగు పెట్టె వెంటనే పంపు

అక్కా,

నేనూ నాన్నా కులాసానే, కానీ నా ఒళ్లు మండిపోతోంది.

నాన్న కోసం టీవీని బల్లమీద పడుకోబెట్టి మీటలతో బంతిని కొట్టే పిన్‌బాల్ ఆట తయారుచేస్తున్నాను. దానికి చవకలో పాత కంప్యూటర్ చాలు, గ్రాఫిక్స్ కార్డు పట్టేంత పెట్టె ఉంటే చాలని బావకి చిలక్కి చెప్పినట్టు చెప్పాను. "ముద్దుగా ఉంది" అంటూ పుస్తకమంత సన్నది కొని పంపాడు. కార్డు అందులో దూరదు. అది లేక తెరమీద బంతి ఆగి ఆగి దొర్లుతోంది. అడిగితే "ఆడేది ముసలాయనేగా, ఏదైతేనేం" అన్నాడు!

మీ బాల్కనీలో పూలకుండీ కింద పీటలా వాడుతున్న నా పాత కంప్యూటర్ పొడుగుది, కార్డు పడుతుంది. మట్టి దులిపి పంపు. చంటిదానికి దగ్గు తగ్గిందా?

పిన్‌బాల్ మెషిన్లు బాగుచేస్తూ బతికిన నాన్న, నా మొహం చూసి "బాగానే ఉందిరా" అంటున్నాడు. అదే భరించలేకపోతున్నాను.

చంటిదానికి ముద్దులు. కవరు కాకుండా పోస్టుకార్డు రాసింది బావ కూడా చదవాలనే.

నీ తమ్ముడు