ఏ అంతస్తు మనిషి?

కోడలా, నేను బాగానే ఉన్నాను, నువ్వు తిండి మానకు. రక్షణ శాఖ గేటు జవాను చేత ఇది రాయిస్తున్నాను. నీ మొగుడి శవం ఇంకా రేవు ఆసుపత్రిలోనే ఉంది. కింది అంతస్తు సైన్యం వాళ్ళు, "ఓడ మీద పోయాడుగా మామ్మా, నౌకాదళాన్ని అడుగు" అంటారు. పై అంతస్తు నౌకాదళం వాళ్ళు, "సైన్యం లారీ డ్రైవరు, మాకేం సంబంధం?" అంటారు.

"కన్నది నేను, నాకిచ్చెయ్యండి. తర్వాత మీరూ మీరూ కొట్టుకు చావండి!" అని మెట్లకి అడ్డంగా కూర్చున్నాను. ఇద్దరికీ పైనున్న కార్యదర్శి దిగొచ్చాడు. మనవాడి సైన్యం నంబరు చెబితే శవాన్ని ఇప్పించే కాగితం మీద తానే సంతకం పెడతానన్నాడు. ఆ నంబరు వాడి పాత రేకుపెట్టె మూత మీద ఉంది, వెంటనే రాసి పంపు.

మేక ఈనిందా? వంటింటి కప్పు కారుతోందా? నీకు నా దీవెనలు. నాన్నేడని పిల్ల అడిగితే, నాయనమ్మ తీసుకొస్తోందని చెప్పు. అబద్ధమేం కాదు.