నందికి కళ్లు తెరిచాను

మామా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు సగంలో వదిలి వెళ్లిన నందిని ఈ ఉదయం చిమ్కోడ్ వాళ్లు బండి కట్టుకొచ్చి తీసుకుపోయారు. నువ్వు ఆ రాయి మీద ఉలి పెట్టిననాడు మనది మైసూరు రాష్ట్రం, ఇప్పుడు కర్ణాటక అంటున్నారు.

మూపురం, మెడలో గంటలు అన్నీ నువ్వే చెక్కావు. కళ్లు చెక్కి తెరవడం ఒక్కటే మిగిలింది. పోయిన వారం వాళ్ల ఊరి పెద్ద శివప్ప వచ్చి, "అక్కా, కళ్లు తెరవనీకి ఇంకో శిల్పిని పిలుస్తం" అన్నాడు.

"వద్దు తమ్మీ, నేను తెరుస్త."

"నీకు వస్తదా?"

"ఆయన పక్కన కూసోని నేర్చుకున్న."

పెళ్లయిన కొత్తలో నా చేయి పట్టుకుని రాతి మీద కన్ను చెక్కించావు కదా. ఉలిని అంత గట్టిగా పట్టుకోకు, రాయికి నొప్పి పుడుతుందని నవ్వేవాడివి. ఆ మాటే తలుచుకుంటూ కూర్చున్నాను. ఎడమ కన్ను కొంచెం వాలినట్టు వచ్చింది. శివప్ప ఇవాళ దాన్ని చాలాసేపు చూశాడు.

"దిద్దాల్నా?" అని అడిగాను.

"ఉండనీ అక్కా. బసవన్న మంచిగ సూస్తుండు" అని దండం పెట్టాడు.

ఇంకో సంగతి. నీ ఉలి చప్పుడు వింటూ పడుకోవడం అలవాటైన మన చిన్నది, నువ్వు పోయాక మధ్యాహ్నాలు నిద్రపోవడమే మానేసింది. నేను సుత్తి పట్టిన మొదటి రోజు గడప మీద తల పెట్టి నిద్రపోయింది. ఆపితే లేస్తుందేమోనని, ఆనాటి పని అయిపోయాక కూడా ఒక పనికిరాని రాయిని కొడుతూనే కూర్చున్నాను.